ఐబోల్టులు సంచీల లెక్కన కొనేముందు జాగ్రత్త

అమెరికాలో హాబీగా హై పవర్ రాకెట్లు (పెద్ద మోటార్లతో ఎగిరేవి) కట్టే మనవాళ్లకి, ముఖ్యంగా లెవెల్ 1 సర్టిఫికేషన్‌కి (ఆ మోటార్లు వాడటానికి కావాల్సిన తొలి మెట్టు) సిద్ధమవుతున్న స్టూడెంట్ టీములకి ఈ హెచ్చరిక. నలుగురం కలిసి తెప్పించుకుంటే డబ్బు కలిసొస్తుందని ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర ఐబోల్టులు (తలకి రింగు ఉన్న బోల్టులు), క్విక్ లింకులు (రింగులకి తగిలించి మరతో మూసే లింకులు), షియర్ పిన్నులకి (రాకెట్ భాగాలని కలిపి ఉంచి, పారాచూట్ బయటికొచ్చే వేళకి తెగిపోయే పిన్నులు) నైలాన్ స్క్రూలు పెద్దమొత్తంలో ఆర్డర్ పెట్టాం. బయట ధరలో సగం కూడా లేదు. సరుకు చూశాక ఎందుకో అర్థమైంది.

ఫొటోలో ఉన్నది ఫోర్జ్‌డ్ (కాల్చి, ఒకే ముక్కగా అచ్చులో కొట్టిన) ఐబోల్టు, రింగుకి ఎక్కడా అతుకు లేదు. సంచీలో వచ్చినవి మాత్రం ఊరికే కడ్డీని వంచి చేసినవి. వంపు కొసకీ మెడకీ మధ్య బ్లేడు దూరేంత సందు. ఒకదాన్ని వైస్‌లో బిగించి, క్విక్ లింకు తగిలించి లాగితే ఆ సందు మా కళ్లముందే పెద్దదైంది. పారాచూట్ విచ్చుకునేటప్పుడు 3 కిలోల రాకెట్‌కి 20 జీల (భూమ్యాకర్షణకి 20 రెట్లు) కుదుపు తగిలిందంటే ఆ రింగు మీద దాదాపు 60 కిలోల లోడ్ పడుతుంది. రింగు తెరుచుకుంటే షాక్ కార్డ్ (రాకెట్‌ని పారాచూట్‌కి కలిపే తాడు) జారిపోతుంది. పారాచూట్ లేకుండా దిగే ముక్క ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికి తెలుసు?

రివ్యూలన్నీ ఐదు నక్షత్రాలే. తీరా చదివితే, రాసినవాళ్లంతా వరండాలో పూలకుండీలు వేలాడదీసుకున్నవాళ్లు. కుండీకి ఇది చాలు, నిజమే.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. పావంగుళం 20 థ్రెడ్ (అంగుళానికి 20 మరచుట్లు) బోల్టుల్లో ఎం6 (6 మి.మీ. మెట్రిక్) బోల్టులు కలిసిపోయి వచ్చాయి. ఒకటి 6.35 మి.మీ., ఇంకోటి 6, చూపుకి తేడా తెలియదు. పిచ్ (ఒక మరచుట్టుకీ ఇంకోదానికీ మధ్య దూరం) మాత్రం 1.27 మి.మీ., 1 మి.మీ. పావంగుళం నట్టు ఎం6 బోల్టు మీద ఒకటి రెండు చుట్లు వదులుగా ఎక్కి, అక్కడ బిగుసుకుంటుంది. బాగా పట్టిందనుకుంటాం, పట్టింది నామమాత్రమే. బల్క్‌హెడ్‌కి (ఐబోల్టు బిగించే, రాకెట్ లోపలి అడ్డపలకకి) ఎపాక్సీ జిగురు పోశాక బయటపడితే కోసి తీయాల్సిందే. సంచీ విప్పగానే ప్రతి బోల్టుకీ థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి.

నైలాన్ స్క్రూలు 2-56 (సన్నని అంగుళాల సైజు) అడిగితే, అంతకన్నా లావైన ఎం2.5 (2.5 మి.మీ. మెట్రిక్) పంపారు. రంధ్రం కాస్త పెద్దది చేస్తే సరిపోతుంది కదా అనుకోకండి. అవి తెగడానికి బాగా ఎక్కువ బలం కావాలి. అంటే పిన్నుల్ని తెంచి పారాచూట్‌ని బయటికి నెట్టే బ్లాక్ పౌడర్ (పేలుడు పొడి) చార్జి లెక్క మార్చి, గ్రౌండ్ టెస్ట్ (నేలమీదే పేల్చి చూసే పరీక్ష) మళ్లీ చెయ్యాలి. క్విక్ లింకుల మీద ఎంత లోడ్ మోస్తాయో చెప్పే ముద్రే లేదు.

కంప్లైంట్ ఇస్తే, 'సరుకు మీరే ఉంచుకోండి, 15 శాతం వెనక్కిస్తాం' అన్నారు. తిప్పి పంపాలంటే పోస్టేజీ మనదే, అది సరుకు ధరని మించిపోతోంది. మేం ఒప్పుకోకుండా ఫొటోలతో కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టాం. ఇంకా తేలలేదు.

వాషర్లు, మామూలు స్క్రూలు సంచీల్లో కొనండి, నష్టం లేదు. పారాచూట్ లోడ్ మోసే ప్రతిదీ మాత్రం వర్కింగ్ లోడ్ (సురక్షితంగా మోయగల బరువు) ఎంతో చెప్పే చోటే కొనండి. అది కూడా ముందు రెండు మూడు శాంపిల్ తెప్పించుకుని, లాగి చూశాకే.