మెడికెయిడ్ మీద కళ్లద్దాలు తీసుకునేవాళ్లకు హెచ్చరిక: కౌంటర్ దగ్గర డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమెరికాలో అమ్మానాన్నలకో పిల్లలకో మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉండి, పెద్ద షాపులో కళ్లద్దాలు చేయిద్దామని బయల్దేరుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. చూపు పరీక్షకు మీ కార్డు తీసుకున్నారు కదా, అద్దాలకూ అదే కార్డు చెల్లుతుంది అనుకోకండి. చాలా షాపుల్లో లోపలి గదిలో కళ్లు చూసే డాక్టరు ఒక వ్యాపారం, బయట ఫ్రేములు అమ్మేది ఇంకో వ్యాపారం. రెండూ ఒకే తలుపులోంచి వెళ్లేవే కాబట్టి మనకు తేడా తెలియదు. డాక్టరు మెడికెయిడ్‌లో నమోదై ఉండి షాపు ఉండకపోవచ్చు, షాపు ఉండి కూడా మీ ప్లాను (మెడికెయిడ్ తరఫున మీ బీమా నడిపే కంపెనీ) తీసుకోకపోవచ్చు, ప్లాను తీసుకుని కూడా మీ దగ్గర విడిగా డబ్బు లాగొచ్చు. మా అమ్మ విషయంలో జరిగింది ఈ మూడోది.

మేం కాలిఫోర్నియాలో ఉంటాం, ఇక్కడ మెడికెయిడ్‌ని మెడి-కాల్ అంటారు. అమ్మకు గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు దాటింది, మెడి-కాల్ ఉంది. పాత కళ్లజోడుతో పేపరు కూడా సరిగ్గా కనపడటం లేదంటే, ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక పెద్ద కళ్లద్దాల షాపుకి ముందే ఫోన్ చేసి అడిగాం. "మెడి-కాల్ తీసుకుంటాం, రండి" అన్నారు. షాపు పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలా చోట్ల జరుగుతున్నాయి కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

పరీక్ష బాగానే జరిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది, ఆవిడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అసలు కథ గదిలోంచి బయటికి వచ్చాక మొదలైంది. ప్రిస్క్రిప్షన్ కాగితం మా చేతికి రాలేదు, కౌంటరు కుర్రాడి చేతికి వెళ్లింది. అడిగితే "మా సిస్టంలో ఉందండీ, మీకు అవసరం పడదు" అన్నాడు. అవసరం పడుతుంది. కొనేవాళ్ల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ఒకటి 1978 నుంచీ ఉంది: చూపు పరీక్ష అయిన వెంటనే, మనం అడిగినా అడగకపోయినా, ప్రిస్క్రిప్షన్ మన చేతిలో పెట్టాలి. అందుకు విడిగా ఫీజు తీసుకోకూడదు, మా దగ్గరే కొనాలని మెలిక పెట్టకూడదు. 2024లో ఆ రూలుని ఇంకా బిగించారు, ఇచ్చినట్టు మన సంతకం తీసుకుని దాన్ని మూడేళ్లు దాచాలి. ఆ కాగితం మీ సంచిలో ఉంటే ఎక్కడికైనా లేచి వెళ్లిపోవచ్చు. వాళ్ల దగ్గరే ఉండిపోతే మీరు అక్కడే కూర్చుండిపోతారు, వాళ్లకు కావలసిందీ అదే.

తర్వాత ఫ్రేములు. గోడల నిండా వందల ఫ్రేములు మెరుస్తుంటే, ఆ కుర్రాడు కౌంటరు కింద నుంచి ఒక ప్లాస్టిక్ ట్రే తీశాడు. "మెడి-కాల్ వాళ్లకి ఇవే." గుప్పెడు ఫ్రేములు, అన్నీ వెడల్పాటి నల్లవి, ఒకదానికి కాడ వదులై ఊగుతోంది. మా అమ్మది చిన్న ముఖం, ఏది పెట్టినా బుగ్గల మీదికి జారిపోతోంది. ఆవిడ అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా తీసి పక్కన పెట్టేసింది. అప్పుడు వాడు గోడ మీది ఫ్రేము ఒకటి తెచ్చి, "దీనికి తేడా 95 డాలర్లు కడితే చాలు, మిగతాది మెడి-కాల్ ఇస్తుంది" అన్నాడు.

ఈ "తేడా కడితే చాలు" అనే మాట వినపడగానే అక్కడితో ఆగిపోండి. మెడికెయిడ్‌లో నమోదైన డాక్టరైనా షాపైనా, మెడికెయిడ్ ఇచ్చే మొత్తాన్నే పూర్తి ధరగా తీసుకోవాలని ఫెడరల్ నిబంధన ఉంది. మీ ప్లానులో కో-పే (ప్రతిసారీ మనం కట్టాల్సిందని ప్లానే పెట్టిన చిన్న మొత్తం) ఉంటే అది తప్ప, ప్లాను భరించే వస్తువు మీద పైమొత్తం మన దగ్గర వసూలు చేయకూడదు. కాలిఫోర్నియాలో దీనికి విడిగా రాష్ట్ర చట్టం కూడా ఉంది, మెడి-కాల్ కార్డు చూపించిన మనిషి దగ్గర ఆ సేవకు డబ్బు అడగకూడదని. ఉద్యోగం ఇచ్చే విజన్ ఇన్సూరెన్సులో అయితే 150 డాలర్ల వరకు ప్లాను, ఆ పైన మీరు అనే లెక్క మామూలే. ఆ లెక్కకు అలవాటు పడినవాళ్లకి ఈ తేడా మాట సహజంగానే వినిపిస్తుంది. మెడికెయిడ్‌కి ఆ లెక్క వర్తించదు.

లెన్సుల దగ్గర ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అమ్మకు దూరం, దగ్గర రెండూ కావాలి. మెడి-కాల్‌లో బైఫోకల్ వస్తుంది, మధ్యలో గీత కనపడేది. గీత లేకుండా పవర్ మెల్లగా మారే లెన్సుని ప్రోగ్రెసివ్ అంటారు. "ఈ రోజుల్లో గీత ఉన్నవి ఎవరు పెట్టుకుంటున్నారండీ, ప్రోగ్రెసివ్ తీసుకోండి. అయినా మెడి-కాల్ లెన్సులు జైల్లో తయారవుతాయి, ఎన్ని నెలలు పడతాయో మేం చెప్పలేం" అన్నాడు. జైలు అనే మాట ఒక్కటి అర్థమయ్యి అమ్మ కంగారు పడిపోయింది. "ఏమిటే, జైలంటున్నాడు? మనమేం తప్పు చేశాం?"

జైలు సంగతి నిజమే. కాలిఫోర్నియాలో మెడి-కాల్ లెన్సుల్ని రాష్ట్ర జైళ్లలోని ఆప్టికల్ ల్యాబుల్లో ఖైదీలు తయారుచేస్తారు, అది ప్రభుత్వ ఏర్పాటు, అందులో దాచేదేమీ లేదు. ఆలస్యం కూడా నిజమే, దాని మీద ఫిర్యాదులు కొత్త కాదు. కానీ జైల్లో చేసినంత మాత్రాన లెన్సు పనికిరానిదైపోదు. ఆ మాటను ముసలావిడను భయపెట్టడానికి వాడటం మాత్రం నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆలస్యం అవుతుంది, ఆగగలరా అని తిన్నగా అడిగితే ఆగుతామనే చెప్పేవాళ్లం.

ఆ తర్వాత ఒక ట్యాబ్లెట్ అమ్మ ముందుకు జరిపి, "ఇన్సూరెన్స్ కోసం ఒక్క సంతకం" అన్నాడు. తెర మీద పైనున్న నాలుగు పేరాలూ వేలితో పైకి తోసేసి, కింద గీత దగ్గర ఆపాడు. అమ్మ తెలుగులో సంతకం చేసింది. నేను కాపీ అడిగితే ఈమెయిల్‌కి వస్తుందన్నాడు, రాలేదు. చాలా రోజుల తర్వాత మేం పట్టుబట్టి తెప్పించుకుంటే, అది ఇన్సూరెన్స్ కాగితం కానే కాదు. "నేను ఎంచుకున్నవి మెడి-కాల్ భరించనివని నాకు వివరించారు, వాటి ఖర్చు నేనే కట్టుకుంటాను" అని ఆవిడ ఒప్పుకున్న పత్రం. ఆవిడకు ఎవరూ ఏమీ వివరించలేదు, తెలుగులో అసలే వివరించలేదు.

ఫ్రేము తేడా 95, ప్రోగ్రెసివ్ లెన్సు 170, మెరుపు పడకుండా కోటింగు 47, కలిపి 312 డాలర్లు. రసీదులో ఈ విడివిడి లెక్క లేదు, "ఐవేర్ ప్యాకేజీ" అని ఒకే ఒక్క లైను ఉంది. విడి లెక్క కూడా తర్వాత అడిగి రాయించుకున్నదే. మీరు అక్కడ ఉండగానే రాయించుకోండి, ఫ్రేము ఎంత, లెన్సు ఎంత, కోటింగు ఎంత, ప్లానుకి ఏది బిల్లు చేస్తున్నారు అని. అది రాయడానికి ఒప్పుకోని షాపులో కొనకండి.

అద్దాలు తొందరగానే వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అమ్మ వాటితో మెట్లు దిగలేకపోయింది. కింది మెట్టు అలలా కదులుతోందని గోడ పట్టుకునేది. ప్రోగ్రెసివ్‌కి అలవాటు పడటానికి కొంత సమయం పడుతుందని అందరూ అంటారు, మేమూ చూశాం, తగ్గలేదు. పోనీ మెడి-కాల్ కింద మామూలు బైఫోకల్ చేయిద్దామని ప్లానుకి ఫోన్ చేశాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. "మీ అమ్మగారి పేరు మీద ఫ్రేము బిల్లు ఇప్పటికే వచ్చిందండీ, మళ్లీ 24 నెలల తర్వాతే" అంది ఫోన్‌లో ఆవిడ. అంటే మా దగ్గర డబ్బు తీసుకున్నారు, ప్లాను దగ్గరా తీసుకున్నారు, పైగా రెండేళ్లకోసారి వచ్చే హక్కుని కూడా వాడేశారు.

ఇందుకే చెబుతున్నాను, అద్దాలు తీసుకున్నాక కార్డు వెనకున్న నంబరుకి ఒకసారి ఫోన్ చేసి, మా పేరు మీద ఏమేం బిల్లు వచ్చాయి అని అడగండి. ఏ గొడవా లేకపోయినా అడగండి. మాకు ఇంకో అవసరం పడబట్టి తెలిసింది, లేకపోతే రెండేళ్ల దాకా తెలిసేది కాదు. ప్లానువాళ్లు తెలుగు మాట్లాడే మనిషిని ఫోన్‌లోకి తీసుకురావాలి, ఉచితంగా, అది వాళ్ల బాధ్యత. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని రెండు మాటలు చెబితే చాలు, అమ్మానాన్నలే స్వయంగా మాట్లాడుకోవచ్చు. మా అమ్మ తనే మొత్తం చెప్పింది, ట్రే సంగతి, జైలు సంగతి, సంతకం సంగతి, నేను చెప్పేదానికన్నా బాగా చెప్పింది.

ఫిర్యాదుని ప్లానులో "గ్రీవెన్స్" (అధికారికంగా నమోదయ్యే ఫిర్యాదు) కింద రాయించండి, ఊరికే కస్టమర్ సర్వీసుకి చెప్పి వదిలేయకండి. గ్రీవెన్స్ అని నమోదైతే కాలిఫోర్నియాలో 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. మాకు గడువులోపే ఉత్తరం వచ్చింది. ఫ్రేము తేడా 95 డాలర్లు షాపు వెనక్కి ఇచ్చింది, ప్లానుకి చేసిన బిల్లునీ రద్దు చేసుకుంది. ప్రోగ్రెసివ్ డబ్బు మాత్రం రాలేదు. అది మెడి-కాల్ భరించే వస్తువు కాదు, పైగా సంతకం ఉంది. అమ్మకు చదివి వినిపించని కాగితం మీద సంతకమే 170 డాలర్లు మింగేసింది. ప్లాను సరిగ్గా పట్టించుకోకపోతే మెడి-కాల్‌కి ప్లాన్ల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, అక్కడికి వెళ్లొచ్చు. ప్లాను భరించాల్సిన దానికి మీరు సొంత డబ్బు కట్టి ఉంటే, రసీదులు పెట్టి నేరుగా మెడి-కాల్‌నే తిరిగి అడిగే దారి కూడా ఇక్కడ ఉంది, కాకపోతే ఆ షాపు మెడి-కాల్‌లో నమోదై ఉండాలి, గడువు ఉంటుంది, కాబట్టి నానబెట్టకండి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. మెడికెయిడ్ ఒక్కో చోట ఒక్కో పేరుతో ఉంటుంది, న్యూజెర్సీలో ఫ్యామిలీకేర్, మసాచుసెట్స్‌లో మాస్‌హెల్త్, వాషింగ్టన్‌లో యాపిల్ హెల్త్. 21 ఏళ్లు నిండిన పెద్దవాళ్లకి కళ్లద్దాలు ఇవ్వాలా వద్దా అనేది రాష్ట్రం ఇష్టం. కాలిఫోర్నియాలోనే 2009లో పెద్దవాళ్లకు తీసేసి, మళ్లీ 2020 జనవరిలో ఇచ్చారు. కాబట్టి ఇంకో రాష్ట్రంలో వదినగారికి వచ్చాయని మీ రాష్ట్రంలో మీకు వస్తాయని లేదు, మీ ప్లానునే అడగండి.

పిల్లల సంగతి వేరు, అక్కడ చట్టం చాలా గట్టిది. 21 ఏళ్ల లోపు వాళ్లకి చూపు పరీక్షా, కళ్లద్దాలూ ఏ రాష్ట్రమైనా ఇవ్వాల్సిందే. ఉద్యోగం పోయి, ఇక్కడ పుట్టిన పిల్లలకు మెడికెయిడ్ తీసుకున్న మనవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లాడి పవర్ ఆరు నెలల్లో మారిందనుకోండి, షాపువాడు "ఇంకా గడువు కాలేదు, సొంతంగా కొనుక్కోండి" అంటే నమ్మి క్రెడిట్ కార్డు తీయకండి. వైద్యపరంగా అవసరమైతే ఇవ్వాలి, డాక్టరు చేత ఒక ముక్క రాయించి ప్లానుకి పంపండి. కాలిఫోర్నియాలో పెద్దవాళ్లకి కూడా పవర్ మారినా, మన తప్పు లేకుండా అద్దాలు పోయినా పగిలినా, ఎలా జరిగిందో రాసిస్తే 24 నెలల లోపే మళ్లీ ఇస్తారు. కౌంటర్ల దగ్గర ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కూడా ఉన్న పెద్దవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మామూలుగా మెడికేర్ కళ్లద్దాలు ఇవ్వదు కానీ, శుక్లాల ఆపరేషన్ చేసి లెన్సు పెట్టాక ఒక జత ఇస్తుంది. ఆ జతను ముందు అటు నుంచే అడగండి.

షాపుకి వెళ్లేముందు ఫోన్‌లో "మెడికెయిడ్ తీసుకుంటారా" అని అడిగితే సరిపోదు, మేం అడిగిందీ అదే. మీ ప్లాను పేరు చెప్పి, పరీక్షకు తీసుకుంటారా, అద్దాలకు తీసుకుంటారా, మా చేతి నుంచి ఒక్క డాలరు కట్టకుండా ఇంటికి పట్టుకెళ్లే అద్దాలు మీ దగ్గర ఉన్నాయా అని విడివిడిగా అడగండి, చెప్పిన మనిషి పేరు రాసుకోండి. ప్లాను వెబ్‌సైటులో ఉన్న షాపుల జాబితాను గుడ్డిగా నమ్మకండి, మేం దాన్ని పట్టుకుని ఫోన్ చేస్తే ఎప్పుడో మానేశామన్నవాళ్లు ఉన్నారు.

అమ్మకు చివరికి ఒక చిన్న సొంత ప్రాక్టీసు ఉన్న కంటి డాక్టరు దగ్గర బైఫోకల్ చేయించాం. అక్కడా ఫ్రేములు కొన్నే, కానీ చిన్న ముఖానికి సరిపోయేవి విడిగా పెట్టారు, ప్రిస్క్రిప్షన్ అడక్కుండానే ఇచ్చారు, లెన్సులకు వారాలు పడుతుందని ముందే చెప్పారు. పట్టింది కూడా. ఒక్క డాలరు తీసుకోలేదు. కోటింగు 47 డాలర్ల మీద మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, ఏం తేలిందో తెలియగానే రాస్తాను.