ఫైబ్రోమయాల్జియాలో అడుగు తూలుతుంటే: నడకా, గట్టు పట్టుకుని చేసే సాధనా, చేతికర్రా – ఏది మేలు?

హనుమకొండలో ఉండే మా చిన్నమ్మకు ఫైబ్రోమయాల్జియా ఉందని తేలి చాలా కాలమైంది. ఒళ్లు నొప్పులు, నిద్ర లేచినా తీరని అలసట ఇంట్లో అందరికీ తెలిసినవే గానీ, తూలడానికీ ఆ జబ్బుకూ సంబంధం ఉంటుందని ఎవరమూ అనుకోలేదు. తలస్నానం చేస్తూ నురగ పడకుండా కళ్లు మూసుకోగానే పక్కకు ఒరిగి కుళాయి పట్టుకునేది; నిరుడు సద్దుల బతుకమ్మ నాడు వంగి, చప్పట్లు కొట్టి, తిరిగే దగ్గర రెండుసార్లు తూలి, ఆట మధ్యలోనే వచ్చి అరుగు మీద కూర్చుంది.

నిలదొక్కుకోవాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచీ కీళ్ల నుంచీ అందే స్పర్శ, ఈ మూడూ కలిసి పనిచేయాలి. కళ్లు మూయగానే ఒరుగుతున్నారంటే మిగతా రెండింటి పని కూడా కళ్లే మోస్తున్నాయని అనుమానించాలి.

వ్యాయామం కంటే ముందు మందుల చీటీ చూపించుకోవాలి. ఈ జబ్బుకు తరచూ రాసే ప్రీగాబాలిన్‌తో మగత, తలతిరుగుడు రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. లేచిన 3 నిమిషాల లోపు పై అంకె 20 తగ్గితే దానికి వేరే చికిత్స కావాలి. అయితే మందును సొంతంగా ఆపకూడదు. ఉన్నట్టుండి మాట తడబడినా, ఒకవైపు చేయీ కాలూ పట్టు తప్పినా అది ఫైబ్రోమయాల్జియా పని కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక నడక. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిస్తే నొప్పికీ నిద్రకూ మేలే. కానీ చదునైన దారిలో తిన్నగా నడిచేటప్పుడు శరీరానికి తిరగడం, ఒంటికాలి మీద ఆగడం లాంటి పరీక్షలు పెద్దగా ఎదురుకావు. తూలేదేమో సరిగ్గా అక్కడే. పైగా మొదటిరోజే ఉత్సాహపడి గంట నడిస్తే తర్వాతి రెండు రోజులు మంచం దిగలేరు. పది నిమిషాలతో మొదలుపెట్టడమే మంచిది.

బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మెల్లగా మార్చే చైనా వ్యాయామం తాయ్ చీ ఈ లోటును నేరుగా పట్టుకుంటుంది. 2018లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 226 మంది ఫైబ్రోమయాల్జియా రోగులను 52 వారాలు గమనించగా, తాయ్ చీ ఏరోబిక్ వ్యాయామానికి సమానంగానో, అంతకంటే మెరుగ్గానో పనిచేసింది. అక్కడ ప్రధానంగా కొలిచింది మొత్తం బాధను, తూలడాన్ని కాదు, ఆ తేడా మరవకూడదు. మాకు దగ్గరలో తాయ్ చీ నేర్పేవారు దొరకలేదు కాబట్టి ఫిజియోథెరపిస్టు వేరే దారి చూపారు: వంటింటి గట్టు పట్టుకుని ముందు పాదం మడమకు వెనక పాదం వేళ్లు ఆనేలా అడుగులు వేయడం, పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడడం, మెల్లగా వెనక్కి తిరగడం.

చేతికర్ర సంగతి వేరు. మేడారం జాతర లాంటి రద్దీలో, ఒళ్లు సహకరించని రోజుల్లో దాన్ని పట్టుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. కర్ర చూస్తే జనం కూడా కాస్త జరుగుతారు. అయితే రోజంతా దాని మీద భారం వేస్తే అసలే నొప్పులున్న మణికట్టు, భుజం ఇంకా సలుపుతాయి. పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, కింద రబ్బరు బుష్ అరిగి ఉండకూడదు.

అందుకే నా ఓటు ముందు గట్టు దగ్గరి సాధనకు, ఆ తర్వాత నడకకు. కర్ర అవసరం పడ్డ రోజుకు. చిన్నమ్మ ఇప్పుడు స్టవ్ మీద పాలు పొంగే లోపు గట్టు మీద ఒక చేయి ఆనించి ఒంటికాలి మీద నిలబడుతోంది. తలస్నానం మాత్రం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే చేస్తోంది.