ప్రాపర్టీ షోలో నేను వెతికేది మనుషులను

హైటెక్స్‌లో జరిగే ప్రాపర్టీ షోలకు ఏటా వెళ్తాను. అక్కడ ఒక్క ఫ్లాటు కూడా కొనలేదు. అయినా చిన్న ఫ్లాట్లు కొని అద్దెకిచ్చే నాలాంటివారికి హైదరాబాద్‌లో ఇంతకు మించి పనికొచ్చే చోటు లేదని గట్టిగా చెబుతాను.

అసలు విలువ బ్యాంకుల స్టాళ్లది. జనమంతా పెద్ద బిల్డర్ల నమూనా భవనాల చుట్టూ మూగుతారు. తొలిరోజు ఉదయం వెళ్తే గృహరుణాల అధికారులు మనతో తీరిగ్గా మాట్లాడతారు. అలా మాట కలిపిన ఒకాయన కరపత్రం వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించారు. ఎకరానికి 4,840 గజాలు. రోడ్డు వెడల్పులో 440 పోతే మిగిలేది 4,400. అందులో ఒకే కొలతవి 110 ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 40 గజాల స్థలం వాటా రావాలి. ‘‘పత్రంలో 32 అని రాస్తే మిగతా ఎనిమిది గజాలు ఎవరి పేరున ఉన్నాయో అడగండి’’ అన్నారు. ఆ కరపత్రం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఆయన ద్వారానే బ్యాంకు తరఫున ఆస్తిపత్రాలు పరిశీలించే ప్యానెల్ లాయరు పరిచయమయ్యారు. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తిపై తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) ఆమె చూసి సరేననే దాకా నేను బయానా ఇవ్వను. ఆమె ద్వారా ఒక సర్వేయరు తెలిశారు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే మేర) హద్దు ఎక్కడిదాకా ఉందో, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ ఎంతో నక్షా పట్టుకుని స్థలం మీద నిలబడి చూపించగల మనిషి ఎంత అవసరమో కొనేవాళ్లందరికీ తెలిసొచ్చింది.

ఈ పరిచయాలు నిలవాలంటే మనమూ వాళ్లకు పనికిరావాలి. నిజాంపేటలో రెండు పడక గదుల ఫ్లాటు నిజంగా ఎంతకు అద్దెకు పోతోందో, ఎన్నాళ్లు ఖాళీగా ఉంటోందో నేను ఉన్నదున్నట్టు చెబుతాను. ఆస్తి విలువ కట్టేవాళ్లకు ఆ సమాచారం బంగారం. అందుకే వాళ్లంతట వాళ్లే ఫోను చేస్తారు.

ఏజెంట్ల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు కూడా నమోదై ఉండాలి. ముందు ఆ నంబరు అడుగుతాను. వెంటనే చెప్పినవారి పేరే నా ఫోనులోకి ఎక్కుతుంది. ఒక స్టాల్లో కుర్రవాడు ‘‘రెరా నంబరు ఇంకా రాలేదు సార్, ఇప్పుడే సగం కడితే అడుగుకు వెయ్యి తగ్గిస్తాం’’ అన్నాడు. నమోదు కావలసిన ప్రాజెక్టులో అది రాకముందే అమ్మజూపడమే తప్పు. నమోదైనా సరే, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. జీవితకాలపు పొదుపు తెచ్చే మధ్యతరగతి మనుషులతో అలా మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ మాటే వాళ్ల మేనేజరుకు అక్కడే చెప్పి వచ్చాను.

ప్రాపర్టీ షోల నిర్వాహకులకు ఒక విన్నపం. ఆస్తిపత్రాలు చూసే లాయర్లకు, లైసెన్సు ఉన్న సర్వేయర్లకు కూడా బ్యాంకుల పక్కనే నాలుగు బల్లలు వేయించండి. రుసుము పెట్టినా జనం ఇస్తారు. ముందు వరుసలో నేనుంటాను.