బెల్ట్ బండికి వెనక పుల్లీ: అల్యూమినియమా, ఉక్కా?

బెజవాడ, గుంటూరుల్లో బెల్ట్‌తో నడిచే మోటార్ సైకిళ్లు ఎక్కువేమీ లేవు. కొన్ని హార్లే డేవిడ్‌సన్‌లు, అక్కడక్కడా రివోల్ట్ కరెంటు బండ్లు. అందుకే పుల్లీ, అంటే బెల్ట్ పట్టుకుని తిరిగే పళ్ల చక్రం, అరిగినప్పుడు ఏది వేయించాలో చెప్పేవాళ్లు సులువుగా దొరకరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెనక చక్రానికి హార్డ్ అనోడైజింగ్ చేసిన, అంటే పై పొరను గట్టిపరిచిన, అల్యూమినియం పుల్లీ మేలు. గేర్‌బాక్స్ దగ్గరుండే చిన్న పుల్లీ మాత్రం ఉక్కుదే ఉండాలి.

కారణం పళ్ల లెక్కలో ఉంది. హార్లే ఐరన్ 883నే తీసుకోండి. ముందు పుల్లీకి 28 పళ్లు, వెనక దానికి 68. వెనక చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ముందు పుల్లీ దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ముందు పుల్లీలో ప్రతి పన్నూ అన్ని రెట్లు ఎక్కువసార్లు బెల్ట్‌తో రాసుకుంటుంది. పైగా అక్కడ బెల్ట్ పట్టుకునే పళ్లు తక్కువ కాబట్టి ఒక్కో పంటి మీద పడే లాగుడు కూడా ఎక్కువే. ముందుది ఉక్కుతో, వెనకది అల్యూమినియంతో కంపెనీవాళ్లు చేయడం అందుకే. తేలిక అవుతుందని ముందు కూడా అల్యూమినియం వేయించాలనుకునేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అంత చిన్న పుల్లీలో తగ్గే బరువెంతని?

వెనక పుల్లీ సంగతి వేరు. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది 7.85. అదే సైజులో చేస్తే అల్యూమినియం మూడో వంతు బరువే ఉంటుంది. దీనివల్ల పికప్ పెరిగిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, అది పెద్దగా జరగదు. ఈ పుల్లీ వ్యాసం సుమారు అడుగు, అంటే టైరు వ్యాసంలో దాదాపు సగం. అందుకని పుల్లీ అంచున తగ్గిన కిలో, టైరు దగ్గర తగ్గిన పావు కిలోతో సమానం. అసలు లాభం సస్పెన్షన్‌కి. చక్రంతో పాటు ఎగిరి పడే బరువు తగ్గితే గుంతల రోడ్డు మీద వెనక భాగం కుదురుగా ఉంటుంది. ఇంకా తేలిక కావాలని రంధ్రాలు పొడిచి, సన్నటి ఊచలు పెట్టి చేసిన పుల్లీలు మాత్రం నాకు నచ్చవు. ఉక్కు మీద లోడ్ ఒక హద్దు దాటనంత వరకు ఎన్నిసార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, కుదుపులన్నీ లెక్కలో చేరుతూనే ఉంటాయి. పగులు మొదలయ్యేది కూడా సాధారణంగా బోల్ట్ రంధ్రం దగ్గరో, ఊచ మొదట్లోనో.

ఇక మన్నిక. అల్యూమినియం పుల్లీ ఆయుష్షంతా దాని పై పొరలోనే ఉంటుంది. లోపలి లోహం మెత్తన. హార్డ్ అనోడైజింగ్‌లో ఆ ఉపరితలమే గట్టి ఆక్సైడ్‌గా మారుతుంది. మందం మాత్రం మామూలుగా 25 నుంచి 50 మైక్రాన్లే, జిరాక్స్ కాగితం మందంలో సగం కూడా దాటదు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7 (వజ్రానిది 10). తాడేపల్లి, ఉండవల్లి వైపు ఇసుక లారీల వెనక వెళ్లేవాళ్లకు, పేరేచర్ల క్వారీల దుమ్ములో తిరిగేవాళ్లకు ఆ పొర ఎందుకు త్వరగా పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

చూసుకోవడం కష్టం కాదు. ఇంజన్ ఆపి, వెనక చక్రం పైకి లేపి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పళ్ల మీద టార్చ్ వేయండి. ముదురు రంగు పోయి వెండిలా మెరుస్తోందంటే, ముఖ్యంగా బెల్ట్ లాగే వైపు, పొర అయిపోయినట్టే. తర్వాత గోటిని పంటి మీద అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నడపండి. బెల్ట్ తగలని అంచు అరగదు కాబట్టి అక్కడ చిన్న గట్టులా నిలబడి ఉంటుంది. గోరు దానికి తగిలి ఆగితే పుల్లీ మార్చాలి. అరిగిన పుల్లీ మీద కొత్త బెల్ట్ వేస్తే ఆ బెల్ట్ కూడా త్వరగా పోతుంది.

ఉక్కు గట్టిదే, కానీ తుప్పు పడుతుంది. రోజూ తిరిగే బండికి బెల్ట్ రాపిడే పళ్లను శుభ్రంగా ఉంచుతుంది. వానాకాలంలో వారాల తరబడి షెడ్లో నిలబెట్టిన బండికి పళ్ల మధ్య తుప్పు చేరి, ఆ పొడే బెల్ట్‌ని తినేస్తుంది. క్రోమ్ పూత వేసిన పుల్లీలు, అల్యూమినియంవైనా ఉక్కువైనా, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. పూత లేచినప్పుడు దాని అంచులు బెల్ట్‌ని కోసేస్తాయి. వాటి జోలికి అసలు పోవద్దు.

ఆటోనగర్ లేత్‌లో చేయించుకోవచ్చా అంటే, బుష్, స్పేసర్ లాంటివి కళ్లు మూసుకుని చేయించుకోవచ్చు. పుల్లీ వద్దు. పళ్ల వంపు బెల్ట్ పళ్లకు సరిగ్గా కుదరాలి, పైన మంచి అనోడైజింగ్ కావాలి. కొనేటప్పుడు అల్యూమినియం ఏ రకం, 6061-టి6 ఆ, 7075-టి6 ఆ అని అడగండి. రెండోది దాదాపు రెట్టింపు బలమైనది. బోల్టులు టార్క్ రెంచ్‌తోనే, అంటే ఎంత బిగువు పడుతోందో చూపే రెంచ్‌తోనే, బిగించమనండి.

ఎండల విషయం కూడా చూసుకోవాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, బెల్ట్ లోపలి దారాలు సాగవు. రెంటచింతల వైపు మధ్యాహ్నం నడిపి వచ్చి బెల్ట్ టెన్షన్ (బిగువు) చూస్తే అసలు కన్నా బిగువుగా కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారమే చూడాలి. అతి బిగువు గేర్‌బాక్స్ బేరింగ్‌కి చేటు.

రోజూ ఇసుక, మట్టి రోడ్ల మీదే తిరిగేవాళ్లు మాత్రం తమ మోడల్‌కి ఉక్కు వెనక పుల్లీ దొరికితే అదే వేయించుకోండి, బరువు గురించి బాధపడొద్దు. హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు అల్యూమినియం చాలు. ఏది వేసుకున్నా, మట్టిలో తిరిగి వచ్చాక పుల్లీని, బెల్ట్ లోపలి వైపుని సబ్బు నీళ్లతో కడగండి. చైన్ స్ప్రే, గ్రీజు రాయొద్దు. బెల్ట్‌కి అవి అక్కర్లేదు, పైగా ఆ జిడ్డుకి ఇసుక పట్టుకుని ఇక వదలదు.