మా ఊరి చాంబర్ సభ్యత్వం: ఏడాదికి 3,540 రూపాయలు గిట్టుతాయా?

నైటీలు, లంగాలు కుట్టించి టోకున అమ్ముతాను. పదకొండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఒక కటింగ్ మాస్టరు, అంతే నా సామ్రాజ్యం. 2019లో మా ఊరి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో చేరాను. చందా 3,000. దాని మీద 18 శాతం జీఎస్టీ. పన్నులు తగ్గించమని అడిగిపెట్టే సంఘానికి కట్టే చందాకే నేనమ్మే నైటీ కన్నా ఎక్కువ పన్ను. మొదటి రసీదు చూసి నవ్వుకున్నాను. ఊరి పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి.

చేరింది లారీల గొడవలో. మా బజార్లోకి పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా సరుకు బళ్ళు రాకూడదన్నారు. ఈరోడ్ బేళ్ళు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పడుంటే తోపుడు బండికి, హమాలీలకి రెండో కూలి. అందరం కలిసి స్టేషన్ మీదికి పోదామన్నాం. చాంబర్ ఆఫీసు గుమాస్తా గారు మాత్రం "ఆగండమ్మా" అని మూడు రోజులు సందు మొగలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రూళ్ళ నోటుబుక్కులో గంటగంటకీ ఎన్ని ఆటోలు, ఎన్ని లారీలు, ఏ బండి ఎంతసేపు అడ్డంగా ఆగిందో గీతలు పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా సందు ఖాళీ అని ఆ గీతల్లోనే తేలింది. పోలీసులు ఆ రెండు గంటలూ ఇచ్చారు. మర్నాడే చందా కట్టేశాను.

2021 నవంబరులో అసలు పిడుగు పడింది. వెయ్యి లోపు బట్టల మీద, చెప్పుల మీద 5 శాతం ఉన్న జీఎస్టీని జనవరి 1 నుంచి 12 చేస్తున్నట్టు నోటిఫికేషన్ వచ్చింది. సింథటిక్‌లో దారం మీద పన్ను ఎక్కువ, గుడ్డ మీద తక్కువ, ఆ తలకిందుల లెక్క సరిచేస్తున్నామన్నారు. ఆ మాట సింథటిక్‌కి చెల్లుతుంది. నాది కాటన్. అక్కడ నూలు మీదా 5, గుడ్డ మీదా 5. సరిచేయడానికేముంది?

గుమాస్తా గారు ఫోన్ చేసి "ఒక్క నైటీ లెక్క రాసి పట్రా అమ్మా, కష్టనష్టాలు వద్దు, లెక్కే కావాలి" అన్నారు. రాశాను. 180 రూపాయల నైటీకి పన్ను 9 రూపాయలు, రేపట్నుంచి 21.60. తేడా 12.60. నాకు పీసుకి మిగిలేది 14. నా దగ్గర కొనే కొట్లలో సగం చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవి, వాటికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు, రాదు, ఆ 12.60 అచ్చంగా ధర మీద పడుతుంది. నా చీటీ, చెప్పుల కొట్టాయన చీటీ, ఇంకో ఇద్దరివి వినతిపత్రం వెనక కుట్టారు.

దాన్ని ఎక్కడికి పంపాలన్నదీ ఆయనే చెప్పారు. నేను ఢిల్లీకనుకున్నాను. రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్లో ఓటు బరువు మూడింట ఒక వంతే కేంద్రానిది, మిగతాది రాష్ట్రాలది. అందుకని మన రాష్ట్ర ఆర్థిక మంత్రి బల్ల మీదికి చేరాలి, రాష్ట్ర చాంబర్ల ఫెడరేషన్‌కి ఒక కాపీ, ఎంపీకి ఒకటి. డిసెంబరు 31న కౌన్సిల్ కూర్చుని బట్టల పెంపు ఆపింది. మా కాగితం వల్లే అనేంత అమాయకురాలిని కాను, సూరత్ నుంచి తమిళనాడు దాకా జౌళి ఊళ్ళన్నీ మొత్తుకున్నాయి. చెప్పుల మీద మాత్రం మర్నాటి నుంచే 12 పడింది. ఆ కొట్టాయన చీటీ కూడా అదే దారం కుట్టులో ఉంది పాపం.

ఇక తిట్లు. 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) వచ్చింది. నాలాంటి చిన్న తయారీదారు దగ్గర కొన్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే మహా అయితే 45 రోజుల్లో డబ్బు కట్టాలి. లేదంటే కట్టిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చు చూపించుకోలేరు. మా లైనులో 90 రోజుల ఉద్దర మామూలు. ఏడాది ముందే తెలిసిన చట్టం మీద మా చాంబర్ 2024 మార్చి ఆఖరి వారంలో ఆడిటరు గారితో సదస్సు పెట్టింది, సమోసాలతో సహా. అప్పటికి ఒక షోరూమ్ నా సరుకు రెండు బేళ్ళు వెనక్కి పంపేసింది. ఇంకొకరు "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోండి మేడమ్, తర్వాత కొంటాం" అన్నారు, చిన్న పరిశ్రమగా ఆ నమోదు లేకపోతే ఈ నిబంధన వాళ్ళ మెడకి చుట్టుకోదని.

అంతకన్నా మండింది ఇంకోటి. ఆ నిబంధన వాయిదా వేయమని "వ్యాపారులందరి తరఫున" చాంబర్ లేఖ రాసింది. అందరూ అంటే ఎవరు? కార్యవర్గంలో షోరూములవాళ్ళు నలుగురు, అంటే నాకు బాకీ ఉన్నవాళ్ళు. కుట్టేవాళ్ళలో ఒక్కరూ లేరు. వాయిదా వేస్తే వాళ్ళకి ఊపిరి, నాకు మళ్ళీ 90 రోజులు. లేఖ వెళ్ళాక వాట్సాప్‌లో చూశాను. అడిగితే "మీటింగుకి రాలేదుగా అమ్మా" అన్నారు అధ్యక్షుల వారు. రాత్రి ఎనిమిదిన్నరకి మీటింగ్ పెడితే, కొట్టు కట్టేసి ఇంటికెళ్ళి వంట చేసుకునేదాన్ని ఎలా వస్తాను?

హైదరాబాద్‌లో ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ చాంబర్ల సమాఖ్య) లాంటి 1917 నాటి సంస్థకైతే సబ్జెక్టుకో కమిటీ ఉంటుంది. మాకు గుమాస్తా గారే పన్నుల కమిటీ, రవాణా కమిటీ, విద్యుత్ కమిటీ. కరెంటు చార్జీల బహిరంగ విచారణకి ఏటా అభ్యంతరాలు ఆయనే టైపు చేస్తారు. విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆర్డరులో అభ్యంతరం, దాని కింద డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) జవాబు, దాని కింద కమిషన్ అభిప్రాయం వరసగా అచ్చవుతాయి. మా పేరున్న పేజీకి ఆయన చెవి మడిచి ఉంచుతారు. కమిషన్ ఒప్పుకున్న పేజీలు తక్కువే. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా బొకే, శాలువా, ఫొటో మాత్రం క్రమం తప్పవు. ఆ ఫొటోల్లో నేను ఎప్పుడూ చివర, సగం చెయ్యి.

అయిదుకి మూడు. ఒకటి నోటుబుక్కుకి, ఒకటి నైటీ చీటీకి, ఒకటి మడిచిన పేజీలకి. మిగతా రెండూ 2024 మార్చిలో తీసేశాను.

చేరాలనుకుంటే బిల్లుబుక్కు పట్టుకుని పదకొండు తర్వాత వెళ్ళండి, గుమాస్తా గారు అప్పుడే వస్తారు. ఫోన్ ఎత్తరు. ఈసారి కార్యవర్గం ఎన్నికలకి నేనూ నామినేషన్ వేశాను. మీటింగులు సాయంత్రం నాలుగింటికి పెట్టాలన్నది నా మొదటి వినతిపత్రం, లెక్కతో సహా రాసి పెట్టాను.