బాస్కెట్‌బాల్ రిఫరెన్స్: కోచ్‌లకు బాగా పనికొచ్చే సైట్

గుంటూరు బ్రాడీపేటలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. రాత్రి భోజనాలయ్యాక నేను తెరిచేది ఈ సైటే. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కలు చాలావరకు ఉచితం.

నాకు బాగా నచ్చింది ఈఎఫ్‌జీ శాతం, అంటే షాట్ల విలువను కూడా కలిపి చూసే షూటింగ్ శాతం. ఇందులో మూడు పాయింట్ల బుట్టను ఒకటిన్నర బుట్టగా లెక్కేస్తారు. మొన్న ఆదివారం మా పిల్లల షాట్లు నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నా. ఒకమ్మాయి బుట్టకు దగ్గర్లో నిలబడి పది వేసి ఐదు కొట్టింది, 50 శాతం. ఇంకో అమ్మాయి మూడు పాయింట్ల గీత బయటి నుంచి పదికి నాలుగే కొట్టింది, కానీ లెక్కలో 60! ఇన్నాళ్లూ ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టానే అని మనసు చివుక్కుమంది. ఈ వారం నుంచి మొదటి ఐదుగురిలో తనూ ఉంటుంది.

ఎన్‌బీఏ జట్టు హ్యూస్టన్ రాకెట్స్‌కి 2007లో జనరల్ మేనేజర్ అయిన డారిల్ మోరీ జట్టును ఇలాంటి లెక్కలతోనే కట్టాడు. 2017-18 సీజన్ పేజీ చూడండి: సగానికి పైగా షాట్లు మూడు పాయింట్లవే, 65 విజయాలు.

డిఫెన్స్ మాత్రం అంకెలకు పూర్తిగా దొరకదు. స్టీల్ (బంతి లాక్కోవడం), బ్లాక్ (షాట్‌ను అడ్డుకోవడం) కనిపిస్తాయి. చేతులెత్తి దారి మూసేసిన పిల్ల కనిపించదు. అది కోర్టు పక్కన నిలబడి చూసుకోవాల్సిందే.

పట్టికలు వెడల్పుగా ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో తెరవండి.