పాత మార్క్ 2లో ఇసుజు ఇంజన్: ఆరేళ్లు నడిపాక

మా నాన్న కొన్న 1972 అంబాసిడర్ మార్క్ 2కి ఇసుజు అనే జపాన్ కంపెనీ డిజైన్ ఇంజన్ వేయించి ఆరేళ్లయింది. చెన్నైలో రోజువారీ పనులకు, రెండు నెలలకోసారి నెల్లూరికి ఇదే బండి.

పాతది 1489 సీసీ ఇంజన్. గుమ్మిడిపూండి దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందు దేవుడికి దండం పెట్టుకోవాలి. 1990ల్లో కంపెనీయే అంబాసిడర్‌కు 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్ల బాక్సు పెట్టి అమ్మింది కాబట్టి నేనూ దానికే ఓటేశా. చెన్నైలో పాత బండ్ల విడిభాగాలమ్మే పుదుపేటలో రెండూ జతగా దొరికాయి. బోల్టులు బిగిస్తే సరిపోతుందనుకున్నా. తీరా చూస్తే, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయాలి, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేసి బ్యాలెన్సింగ్ పెట్టించాలి, గేర్ రాడ్ కోసం ఫ్లోర్ కోయాలి. రెండు వారాలన్న పని నాలుగు నెలలు పట్టింది.

డబ్బంతా ఇంజన్‌కే పోయిందని బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే ఉంచేశా. మొదటి ప్రయాణంలోనే సూళ్లూరుపేట దగ్గర గేదెలు అడ్డమొచ్చాయి. పెడల్ మీద నిలబడినంత పని చేశా. బండి ఆగింది గానీ, చివరి గేదె తోక బానెట్‌కు తగిలింది. మర్నాడే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పెడల్ తేలిగ్గా నొక్కినా బ్రేకు గట్టిగా పడేలా చేసే బూస్టర్ వేయించా. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు బ్రేకులు చేయించి, తర్వాతే ఇంజన్ జోలికి వెళ్లండి.

మే నెలలో చెన్నై కత్తిపారా జంక్షన్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కేది. పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది. సిటీలో మైలేజీ లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు. పాతదీ అంతకంటే గొప్పగా ఇచ్చిందేమీ లేదు.

కాగితాల విషయంలో మెకానిక్ "ఎవరు చూస్తారు సార్" అన్నాడు. వినలేదు. ఆర్టీవో అనుమతి ముందే తీసుకుని, పని అయ్యాక కొత్త ఇంజన్ నంబర్ ఆర్సీలో ఎక్కించా. బిల్లు లేని ఇంజన్ ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకండి.

ఇప్పుడు ఐదో గేర్లో ఎనభై మీద హాయిగా పోతుంది, పక్కవాళ్లతో అరవకుండా మాట్లాడుకోవచ్చు. పాత ఇంజన్ గ్రీజు పూసి మెట్ల కింద పెట్టా, అమ్మలేదు. స్టీరింగ్ పక్కనున్న గేర్ మాత్రం పోయింది. దాంతోపాటు ముందు సీట్లో మూడో మనిషి చోటూ పోయింది. అది అమ్మ చోటు. "నా కాళ్ల దగ్గర ఈ కర్రేంట్రా" అని మొదటి రోజే వెనక్కి వెళ్లి కూర్చుంది. ఇంతవరకూ ముందుకు రాలేదు.